గుంతకు అంటిన మైల

పంతొమ్మిది వందల తొంభై ఏడు వేసవిలో మా తమ్ముడు వెంకటేశులు ఇంట్లో ఒక ఆడపిల్ల మీద నింద పడింది. ఆ కథను మా ఊళ్ళో ఇప్పుడు ఒక్కొక్కరు ఒక్కొక్క విధంగా చెబుతున్నారు. కొందరు నవ్వులాటగా కూడా చెబుతున్నారు. అందులో నవ్వవలసింది ఏమీ లేదు. నేను అక్కడే ఉన్నాను కనుక జరిగింది జరిగినట్టు చెబుతాను.

అప్పుడు నేను మదనపల్లెలో టీచరును. చిన్ననాడు మా నాయన నన్ను ఆ ఊళ్ళోనే కాన్వెంటులో సిస్టర్ల దగ్గర వదిలి చదివించాడు. చదువు అయినా ఆ ఊరు విడిచి రాలేదు. ఏటా వేసవి సెలవులకు మాత్రం పుంగనూరు దగ్గర మా పల్లెకు, తమ్ముడి ఇంటికి వెళ్ళేదాన్ని.

తమ్ముడిది పట్టుపురుగులు సాకే ఇల్లు. పెరట్లో పురుగులిల్లు, దాని పక్కన గోబర్ గ్యాసు గుంత. ఇటుకలతో కట్టిన లోతైన గుంత మీద పెద్ద ఇనుప డ్రమ్ము బోర్లించి ఉండేది. లోపల గ్యాసు పుట్టేకొద్దీ డ్రమ్ము పైకి లేచేది, వంట చేసేకొద్దీ కిందికి దిగేది. కరువుకు ఆవులను అమ్ముకున్నాక పేడ చాలక ఆ గుంత మూలపడింది. దాన్ని మళ్ళీ నిలబెట్టింది కొత్త కోడలు అమరావతి. కుప్పం పక్క పల్లె పిల్ల. పేడ లేకపోతే చెత్తతో గ్యాసు తీయవచ్చునని పుట్టింట్లో చూసి నేర్చుకొని వచ్చింది.

నేను వెళ్ళిన మర్నాడు ఉదయం ఆ పిల్ల కుచ్చిళ్ళు దోపుకొని, తొట్టిలో కుళ్ళిన టమాటాలను చేత్తో పిసుకుతూ కనిపించింది. ధర పడిపోయి మదనపల్లె మార్కెట్టు దగ్గర రైతులు పారబోసిన కాయలను ఆమె భర్త రాజేంద్ర ట్రాక్టరులో తెచ్చి కుమ్మరించాడు.

“వాసన కొడతాండాది పెద్దమ్మా, దూరంగా నిలబడండి,” అంది.

“నీకు కొట్టడం లేదా?”

“నాకిది పొయ్యిమీద కూర వాసన మాదిరే. రేపు మంటయ్యేది ఇదే గదా. ఉత్త టమాటాలే పోస్తే గుంత పులిసిపోతాది. అందుకే పురుగులు తిని మిగిల్చిన ఆకు, వాటి పెంట, ఉన్నకాడికి పేడ, అన్నీ కలపాల.” ముంజేత్తో నుదుటి చెమట తుడుచుకొని నవ్వింది. “అత్త ఇంగా నమ్మలేదు. టమాటాలో మంట యాడుంటుందే అంటాది.”

“ఆఁ, కుప్పమోళ్ళు నీళ్ళల్లో కూడా నిప్పు పుట్టిస్తారు!” అని వంటింట్లోంచి మంగమ్మ గొంతు వినిపించింది. మంగమ్మ నా తమ్ముడి భార్య. ఆ రోజుల్లో ఆ మాటలో ఇంకా నవ్వే ఉండేది. అదే వంటింట్లో ఆమె ముందు నీలిమంట మీద పాలు పొంగుతున్నాయి.

ఆ వారంలోనే పుంగనూరు నుంచి గోబర్ గ్యాసు పనులు చూసే ఆఫీసరు గుంతను చూడడానికి వచ్చాడు. చిన్నవాడు, ఓపిక గలవాడు. డ్రమ్ము చుట్టూ తిరిగి చూసి మా తమ్ముడికి అర్థమయ్యేలా చెప్పాలని ప్రయత్నించాడు.

“దీంట్లో కంటికి కనపడని జీవాలు ఉంటాయి రెడ్డీ. బాక్టీరియా అంటారు. గాలి సొరబడని చోట బతుకుతాయి. మీరేసిన చెత్తను తిని గ్యాసు వదులుతాయి. మీ పురుగులు ఆకు తిని పట్టు ఇయ్యలా? ఇదీ అంతే. పురుగుల్ని ఎట్ల సాకుతారో వీటిని అట్ల సాకండి.”

“ఎన్ని ఉంటాయి సార్ లోపల?”

“లెక్కపెట్టే దానికి కాదు.”

తమ్ముడు ఆ మాటను మనసులో పెట్టుకున్నాడు. పురుగులు జ్వరానికి కూర్చున్న, అంటే మేత మాని పొర విడిచే రోజుల్లో ఇంట్లో ఎవరినీ గట్టిగా దగ్గనివ్వని మనిషి అతను. ఆనాటినుంచి గుంత దగ్గరికి వెళ్ళేటప్పుడు చెప్పులు విడిచి వెళ్ళేవాడు. శుక్రవారం డ్రమ్ముకు పసుపు రాసి కుంకుమ పెట్టాడు. ప్రాణమున్న దానిని ఆదరించడం నాకు తప్పుగా తోచలేదు.

మే మొదట్లో పరీక్ష పేపర్లు దిద్దడానికి నన్ను మదనపల్లెకు పిలిచారు. పని ముగించుకొని తిరిగి వచ్చిన ఉదయం వాకిట్లోకి రాగానే కట్టెల పొగ కంట్లో పడింది. అరుగు మీద అమరావతి గుడ్డల సంచి ఒళ్ళో పెట్టుకొని కూర్చుని ఉంది. రాజేంద్ర మోటారు సైకిలు తుడుస్తున్నాడు. తుడిచిందే తుడుస్తున్నాడు.

“ఎక్కడికమ్మా?” అన్నాను.

“మా ఊరికి పెద్దమ్మా. పంపిస్తాండారు.”

పట్టుపురుగులు సాకే ఇళ్ళలో ఒక కట్టుబాటు ఉంది. నెలసరి వచ్చిన ఆడది పురుగులింట్లో అడుగు పెట్టకూడదు, వాటి మేత ముట్టుకోకూడదు. ముట్టుకుంటే పురుగులు రోగం తగిలి చస్తాయని నమ్మకం. అది ఎంతవరకు నిజమని నేను చిన్ననాడు అడిగితే మా అమ్మ నన్ను కొట్టింది.

“గుంతకాడ ఉండంగానే అయ్యింది,” అంది అమరావతి. “తొట్టిలో కలిపింది సగంలో ఇడిస్తే పేరుకుంటాదని గుంతలోకి పోసేసి వచ్చినాను. వచ్చి అత్తకు నేనే సెప్పినాను. దాసిపెట్టింటే ఎవురికీ తెలిసేది గాదు. మూడు దినాలు పెరటి గదిలో కూసున్నాను. బయటికి వచ్చి సూస్తే డ్రమ్ము అడుక్కి దిగిపొయ్యుండాది.”

మంగమ్మ చేతులు తుడుచుకుంటూ బయటికి వచ్చింది.

“నేనేమన్నా తరిమినానా వదినా? గుంతలో జీవాలు ఉండాయని ఆఫీసరే సెప్పె. వాటికీ మైల మైలే గదా. అవి సచ్చినాయి. రేపు పిల్లపురుగులు ఇంటికొస్తాండాయి. అవి కూడా సస్తే మేమేం తినాల? ఈ పంట ఎత్తేదాకా పుట్టింట్లో ఉండనీ.”

“ఎత్తాక?”

“అప్పుడు సూస్తాం.”

ఆ ‘చూస్తాం’ అన్న మాటకు అర్థం మా పల్లెల్లో అందరికీ తెలుసు. కోడలి చెయ్యి తగిలి గుంత చచ్చిందని మంగమ్మ అప్పటికే వీధిలో నలుగురికీ చెప్పేసింది. రాజేంద్రకు పెద్దమండ్యం వైపు ఇంకో సంబంధం ఉందని ఎవరో అప్పుడే నోరు జారారు కూడా. చెయ్యి మంచిది కాదన్న పేరు ఒకసారి పడితే పట్టుపురుగులతో బతికే ఏ ఇంట్లోనూ ఆ ఆడపిల్లకు చోటుండదు.

తమ్ముణ్ణి పిలిచి ఇది అన్యాయం అన్నాను.

“ఇది నీ కాన్వెంటు గాదక్కా,” అన్నాడు, నా ముఖం చూడకుండా. “పురుగుల్ని నమ్ముకున్న ఇల్లు.”

“నువ్వేమంటావురా?” అని రాజేంద్రను అడిగాను.

“నాయన మాట అత్తా… నేనేం సెప్పేది?”

అమరావతి లేచి నిలబడింది. ఏడవలేదు. “మా ఇంట్లో అమ్మగానీ నేనుగానీ ఆ దినాల్లో గుంతకు మేత ఎయ్యడం ఎన్నడూ నిలబెట్టలేదు పెద్దమ్మా. మా గుంత ఇంగా మండుతానే ఉండాది. నా సేత్తో ఏదీ సావలేదు.” ఆ మాట నాతోనే అన్నా తలుపు లోపలికి వినబడేలా అంది. తర్వాత బండి వెనక కూర్చుంది.

మర్నాడు నేను పుంగనూరు వెళ్ళి ఆ ఆఫీసరును వెంటబెట్టుకొని వచ్చాను. ఎండకు అతను ముందు వెనకాడాడు. ఒక పిల్ల కాపురం నీ మాట మీద ఆధారపడి ఉంది, కదులు నాయనా, అన్నాను. కదిలాడు.

గుంతలో కట్టె పెట్టి కలియబెట్టాడు. ఒక్క బుడగ రాలేదు.

“ఏమేం పోసినారు?”

“టమాటాలు, ఆకు, పెంట. ఎప్పుడూ ఏసేవే,” అన్నాడు తమ్ముడు.

“మందు ఏమన్నా పడిందా? పురుగుమందు కొట్టిన కాయలా?”

“ల్యా. మందులు యాల పోస్తాం సార్? జీవాలు ఉండాయంటిరి. పురుగులకంటే శుద్ధంగా సూసుకుంటిని.” తమ్ముడి గొంతులో కాస్త నొప్పి ఉంది. “కోడలు మైల తగిలిచ్చిందని తెలిసిన దినమే పంట దించి పురుగులిల్లు కడుగుతాంటిమి. పురుగులింటికి ఎట్ల సేస్తామో గుంతకూ అట్లే సేసినాను. రెండు మూటలు బ్లీచింగు పౌడరు కలిపి నా సేత్తో పోసినాను. ఏ లోపమూ సెయ్యలేదు.”

ఆఫీసరు కట్టెను గోడకు ఆనించాడు.

“పురుగులింటికి బ్లీచింగు యాల కొడతారు?”

“ఎందుకేంది సార్? కంటికి కనపడని క్రిములు సావాలని…”

తమ్ముడి నోట ఆ మాట అక్కడే ఆగిపోయింది. గుంత వైపు చూశాడు. భుజం మీది తువ్వాలు తీసి మళ్ళీ భుజం మీదే వేసుకున్నాడు. వంటింటి గడపలో నిలబడిన మంగమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

“నేను సరిగ్గా సెప్పాల్సింది,” అన్నాడు ఆఫీసరు. “ఆడోళ్ళ మైలకూ దీనికీ సంబంధం లేదు. గుంత మొత్తం ఎత్తిపొయ్యండి. పాలు తోడుకోవాలంటే చేమిరి ఎయ్యాల గదా, అట్లే బాగా నడిచే గుంతలోంచి నీళ్ళు తెచ్చి పొయ్యాల. అప్పుడే మళ్ళీ జీవాలు పుడతాయి.”

గుంత ఎత్తిపోయడం చిన్న పని కాదు. తండ్రీకొడుకులు బిందెలతో తోడి మల్బరీ తోట చివరకు మోశారు. కూలివాళ్ళను పిలుద్దామని రాజేంద్ర అంటే తమ్ముడు వద్దన్నాడు. కొత్తగా తెచ్చిన పిల్లపురుగులు మాత్రం తట్టల్లో బాగానే ఆకు తింటున్నాయి.

గుంత అడుగు కనిపించిన రోజు మధ్యాహ్నం అన్నాల దగ్గర మంగమ్మ ఒక ఉపాయం చెప్పింది.

“గంగవరం పక్క ఎవురికో గుంత ఉండాదంట. ఆడినించి నీళ్ళు తెచ్చి పోద్దాం. గ్యాసు వచ్చినాక, శాంతి సేపిచ్చినాము, దోషం పోయిందని సెప్పి పిల్లను పిలిపిద్దాం. ఆ పిల్లకూ మర్యాదే, మనకూ మర్యాదే.”

“ఏ దోషం పోయిందని చెబుతావు మంగమ్మా?” అన్నాను.

“ఏదో ఒకటి వదినా. పిల్ల ఇల్లు సేరేది ముఖ్యం గదా.”

“కాదు. నువ్వు చెప్పినట్టు చేస్తే ఆ పిల్ల తప్పు చేసింది, మనం క్షమించి తెచ్చుకున్నాం, అని అవుతుంది. ఈ ఇంట్లో ఏ పురుగు చచ్చినా, ఏ దూడ పడిపోయినా మళ్ళీ ఆమె చేతివైపే చూస్తారు. అన్యాయం చేసినవాళ్ళు క్షమించేవాళ్ళ పీట మీద కూర్చోకూడదు.”

“అయితే ఈయన తల దించాల్నా? నలుగురి ముందర?” మంగమ్మ గొంతు హెచ్చింది. “మీకేం వదినా, సెలవులైపోతే పోతారు. ఈ ఊళ్ళో బతకాల్సింది మేము.”

“ఆ పిల్ల కూడా ఈ ఊళ్ళోనే బతకాలి. నింద వేసింది నలుగురిలోనే.”

తమ్ముడు పళ్ళెంలో చెయ్యి కడిగేశాడు. అన్నం సగం మిగిలే ఉంది.

“నీళ్ళు కుప్పం నించే తెస్తాను,” అన్నాడు. “మల్లప్ప బావ గుంతలోంచి.”

మల్లప్ప అమరావతి తండ్రి. ఒక టెంపో బాడుగకు మాట్లాడుకొని, వెనక ప్లాస్టిక్ డ్రమ్ములు కట్టుకొని, పలమనేరు మీదుగా బయలుదేరాము. డ్రైవరు పక్కన నేనూ తమ్ముడూ కూర్చున్నాము. వెనక డ్రమ్ముల మధ్య రాజేంద్ర. వి.కోట దాటాక తమ్ముడు, “ఆ యప్ప ఏమంటాడక్కా?” అని అడిగాడు. ఏమన్నా వినవలసిందే అన్నాను.

మల్లప్ప ఏమీ అనలేదు. “రాండి బావా, కాళ్ళు కడుక్కోండి. వదినెమ్మకు మంచం వెయ్యండ్రా నీడన,” అని మజ్జిగ ఇప్పించాడు. టెంపో చప్పుడుకు ఇరుగుపొరుగు గోడ పక్కన చేరారు. డ్రమ్ములు చూసి అందరికీ సంగతి అర్థమయింది కాబోలు, ఎవరూ కదలలేదు.

“బావా, గుంతకు చేమిరి కావాల,” అన్నాడు తమ్ముడు.

“దానికి అడగాల్నా? ఎంత కావాలంటే అంత ముంచుకోండి. ఒక్క మాట మాత్రం.” మల్లప్ప మీసం కింద నవ్వు కనబడీ కనబడనట్టు ఉంది. “మా గుంతకాడ మడీ లేదు, మైలా లేదు. మా ఇంటి నీళ్ళు మీ గుంతకు సరిపడతాయో లేదో సూసుకోండి. మల్లా పసుపునీళ్ళు పోసి కడగాల్సి వస్తాదేమో!”

గోడ పక్కన ఎవరో కిసుక్కుమన్నారు. తమ్ముడి చెవులు ఎర్రబడ్డాయి.

ఇంతలో అమరావతి బొక్కెన పట్టుకొని ఇంట్లోంచి వచ్చింది. మొగుడి వైపు చూడలేదు. నేరుగా గుంత దగ్గరికి వెళ్ళి మామ ఎదుట నిలబడింది.

“మామా, నేనీ దినం బయట ఉండాను. మా ఇంట్లో ముంచేది నేనే. పట్టుకుంటారా, లేదంటే మూడు దినాలు ఆగి వస్తారా?”

ఆమె చెప్పింది నిజమో కాదో నాకు తెలియదు. ఇన్నేళ్ళలో నేను అడగలేదు.

తమ్ముడు తువ్వాలు తీసి మడిచి గోడ మీద పెట్టాడు. పంచె పైకి కట్టుకున్నాడు. ముందుకు వెళ్ళి మొదటి డ్రమ్ము మూతిని రెండు చేతులతో పట్టుకున్నాడు.

“ముంచమ్మా,” అన్నాడు.

ఆమె ముంచింది. బొక్కెన తర్వాత బొక్కెన. చిక్కటి నల్లటి నీళ్ళు డ్రమ్ములోకి పడుతున్నప్పుడు అతని చేతుల మీద, పంచె మీద చిందాయి. అతను చేతులు కదిలించలేదు. రెండో డ్రమ్ము సగమయ్యేసరికి, తల వంచుకొనే, గోడ పక్కనున్న వాళ్ళకు వినబడేంత గొంతుతో అన్నాడు.

“గుంతను సంపింది నేను. బ్లీచింగు పోసి సంపినాను. బిడ్డ తప్పు ఏమీ లేదు.”

బొక్కెన ఒక్క క్షణం గాలిలో ఆగింది. తర్వాత ఒలకకుండా డ్రమ్ములోకి వంగింది.

డ్రమ్ములన్నీ నిండాక ఆమె చేతులు కడుక్కొని వచ్చింది. మల్లప్ప నవ్వు పోయి చాలాసేపయింది. అతను గోడ మీది తువ్వాలు తీసి వియ్యంకుడి చేతికి ఇచ్చాడు.

“మామా, మీరు సెప్పిన ఈ మాట అత్తకు తెలుసునా?” అని అడిగింది అమరావతి.

తమ్ముడు నా వైపు చూశాడు. నేను సాయం చేయలేదు.

“తెలుసు.”

“ఎప్పట్నించి?”

“ఆఫీసరు వచ్చిన దినం నించే.”

“మీరు వచ్చినారు, సెప్పినారు. నాకు మీ మీద ఏమీ లేదు మామా. నన్ను పంపించింది అత్త. పిలవాల్సింది అత్తే.”

రాజేంద్ర టెంపో మీంచి దూకాడు. “ఎక్కు అమరా. అమ్మతో ఇంటికాడ మాట్లాడుకుందాం.”

“ఆ పొద్దు బండి ఎక్కొద్దని ఒక్క మాట అనింటే ఈ పొద్దు ఎక్కమనాల్సిన పని లేకపోవును,” అంది. అతను మళ్ళీ డ్రమ్ముల మధ్యకు వెళ్ళి కూర్చున్నాడు.

ఆమె లేకుండానే తిరిగి వచ్చాము. నీళ్ళు గుంతలో పోశారు. ఊళ్ళో దొరికిన పేడంతా కలిపారు. మేత కొంచెం కొంచెంగా వేశారు. టీ అంగడి దగ్గర ఎవరో గుంత సంగతి ఎత్తితే తమ్ముడు కుప్పంలో అన్న మాటే అక్కడా అన్నాడు. మొదటిసారి విన్నవాళ్ళు నవ్వారు. నవ్వనిచ్చాడు.

పురుగులు బాగా పండాయి. చంద్రికలనే వెదురు తట్టల నిండా పసుపుపచ్చని గూళ్ళు కట్టాయి. ఆ పంటకు ఆకు కోసిందీ, మేత పెట్టిందీ అంతా మంగమ్మ ఒక్కతే. ఆమెకు నిద్ర లేదు, పక్కన చెయ్యందుకునే మనిషి లేదు.

జూన్ మొదట్లో ఒక ఉదయం డ్రమ్ము జానెడు పైకి లేచింది. రాజేంద్ర వంటింట్లో అగ్గిపుల్ల గీసి స్టవ్వు దగ్గర పెట్టాడు. ముందు తుస్సుమంది. తర్వాత నీలిమంట నిలబడింది. తమ్ముడు దాన్ని చాలాసేపు చూసి తోటకు వెళ్ళిపోయాడు.

మంగమ్మ ఆ మంట మీద వంట చేయలేదు. ఆ రోజు కాదు, మర్నాడు కాదు. పెరటి కట్టెలపొయ్యి దగ్గరే కూర్చుని ఊదుతూ, దగ్గుతూ సంకటి కెలికేది. గ్యాసు ఉంది కదా అని నేనూ అనలేదు. వీధిలో ఆడవాళ్ళు ఆపి అడిగేవారు, “ఏం మంగక్కా, గ్యాసు వచ్చిందంట గదా, కోడలు యాడ?” అని. ఆమె బిందె ఎత్తుకొని వచ్చేసేది. ఒకనాడు వచ్చి బిందె దించి, “ఈయన తన తప్పు ఊరంతా సెప్పుకుంటాండాడు వదినా. ఇంగ నాది మిగిలింది,” అంది. నేను చదువుతున్న కాగితం మీంచి తల ఎత్తలేదు. ఆమె ఎదుటివాళ్ళ ఓదార్పు కోసం వచ్చింది. అది ఇచ్చే హక్కు నాకు లేదు.

బడి తెరిచే రోజు దగ్గరపడి నేను పెట్టె సర్దుకుంటున్న ఉదయం మంగమ్మ స్నానం చేసి, ఇస్త్రీ చీర కట్టుకొని గదిలోకి వచ్చింది. చేతిలో చిన్న సంచి ఉంది.

“వదినా, కుప్పానికి బస్సు ఎన్నింటికి?”

“ఏడింటికి పలమనేరు బస్సు ఉంది. అక్కడ మారాలి.”

“వాళ్ళింటికి పోయి ఏమని మొదలుపెట్టాల?”

“అది నువ్వే చూసుకోవాలి.”

ఆమె కాసేపు నిలబడింది. నేను చెప్పులు వేసుకుంటానని ఎదురు చూస్తోందని నాకు అర్థమయింది. పెట్టె మూత వేసి కూర్చున్నాను. ఆమె కొంగు భుజం చుట్టూ కప్పుకొని వాకిలి దాటింది.

కిటికీలోంచి చూశాను. ఎదురింటి ముందు కళ్ళాపి చల్లుతున్న బుజ్జమ్మ చెయ్యి ఆపి, “యాడికి మంగక్కా, ఇంత పొద్దున్నే?” అంది.

మంగమ్మ నాలుగడుగులు ముందుకు వెళ్ళింది. ఆగింది. వెనక్కి తిరిగింది.

“కుప్పానికి. నా కోడలి మీద లేనిపోనిది అన్నాను. తప్పయ్యిందని సెప్పి పిల్చుకొని రావాల,” అంది.

ఆ మాట వీధి రెండు వైపులా వినబడేంత గట్టిగా అంది.